మార్పులు చేయించిన లారీలో ఇంజన్‌కు డీజిల్ సరిగా అందకపోతే లోపాన్ని ఎలా వెతకాలి?

"రెండో ట్యాంకు పెట్టించినప్పటి నుంచి పొద్దున్నే స్టార్టు కావడం లేదు", "పంపు డోసు పెంచినా ఘాట్‌లో పుల్లింగ్ రావడం లేదు", "ఫిల్టర్లు మార్చిన మర్నాడే దారిలో ఎయిర్ పట్టి (డీజిల్ పైపుల్లోకి గాలి చేరి) నిలిచిపోయింది". లారీ యజమానులూ డ్రైవర్లూ మళ్లీ మళ్లీ అడిగే ఈ మూడు ప్రశ్నలకూ వెతికే దారి ఒక్కటే కాబట్టి, ఆ దారిని వరుసగా ఇక్కడ వివరిస్తున్నాను. ఇది ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపు (ఒక్కో సిలిండర్‌కూ విడిగా, ఒత్తిడితో డీజిల్ కొట్టే పంపు) ఉన్న పాత టాటా, అశోక్ లేలాండ్ లారీలకు, అందులోనూ అదనపు ట్యాంకు, వాటర్ సెపరేటర్ (డీజిల్ నుంచి నీళ్లను వేరుచేసే గిన్నె), కొత్త పైపులు, పెంచిన పంపు డోసు (పంపు ఇంజన్‌కు ఇచ్చే డీజిల్ మోతాదు) వంటి మార్పులు చేయించిన వాటికి వర్తిస్తుంది.

మీ లారీ కామన్ రైల్ ఇంజన్‌తో వచ్చిన బీఎస్ 4 లేదా బీఎస్ 6 బండి అయితే, ట్యాంకు నుంచి మొదటి ఫిల్టర్ వరకు చెప్పిన పరీక్షలు మాత్రమే చేసి, అక్కడితో ఆపండి. అన్ని నాజిళ్లకూ డీజిల్ ఇచ్చే ఆ ఉమ్మడి గొట్టంలో (కామన్ రైల్) ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుండగా అక్కడి నట్టు వదులు చేయడం ప్రాణాపాయం.

ముందుగా ఒక మాట. పుల్లింగ్ తగ్గగానే చాలామంది పంపును దించి పంపు షాపుకు పంపుతారు. మార్పులు చేసిన బండ్లలో లోపం ఎక్కువగా ఉండేది ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ (ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇంజెక్షన్ పంపుకు అందించే చిన్న పంపు) మధ్యలో, అంటే మార్పు కోసం ఎవరో చెయ్యి పెట్టిన చోట. అందుకే వెతుకులాట ట్యాంకు మూత దగ్గర మొదలై పంపు దగ్గర ముగియాలి. ఈ క్రమాన్ని తిరగేస్తే డబ్బు ఖర్చవుతుంది, లోపం మిగిలిపోతుంది.

ఇది నిజంగా డీజిల్ అందకపోవడమేనా?

పొగ చూసి చాలావరకు చెప్పవచ్చు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి పొగ అసలు రాకపోతే సిలిండర్లలోకి డీజిల్ చేరడం లేదని అర్థం. తెల్లపొగ వస్తూ స్టార్టు కాకపోతే డీజిల్ చేరుతోంది కానీ మండడం లేదు. టైమింగ్ (డీజిల్ కొట్టే సమయం), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి), నాజిళ్ల (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు) వైపు చూడాలి. లోడు మీద నల్లపొగ కక్కుతూ లాగకపోతే కొరత డీజిల్‌ది కాదు, గాలిది; ఎయిర్ ఫిల్టరూ, టర్బో నుంచి వచ్చే గొట్టాలూ, వాటి క్లిప్పులూ చూడండి. లోడు మీద పొగ ఏమీ లేకుండా, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు వేగం తగ్గిపోతుంటే, అప్పుడు ఈ వ్యాసం మీ కోసమే.

కావలసినవి

- 17, 19 నంబర్ల స్పానర్లు, మీ బండి బాంజో బోల్టులకు (మధ్యలో రంధ్రం ఉండి డీజిల్ పైపును బిగించే బోల్టులు) సరిపోయే ఇతర స్పానర్లు
- డీజిల్‌కు తట్టుకునే పారదర్శక గొట్టం ఒక మీటరు, కొత్త క్లిప్పులు
- లోపల తుప్పూ మట్టీ లేని 20 లీటర్ల డబ్బా
- కొత్త రాగి వాషర్లు, ఫిల్టర్ ఓ-రింగులు, రెండు ఫిల్టర్లు
- మూత ఉన్న పారదర్శక సీసా, అట్టముక్క, టార్చి, కళ్లద్దాలు, చక్రాలకు అడ్డుపెట్టే కట్టెలు
- నూలుపోగులు రాలని గుడ్డ (కాటన్ వేస్ట్ వాడకండి, దాని పోగులు పైపుల్లోకి వెళ్లి ఫీడ్ పంపు వాల్వుల కింద ఇరుక్కుంటాయి)
- వీలైతే ఒక వాక్యూమ్ గేజీ, ఒక ప్రెషర్ గేజీ

జాగ్రత్తలు

మన డీజిల్‌కు ఐఎస్ 1460 అనే భారతీయ ప్రమాణం అడిగే కనీస ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి) 35 డిగ్రీల సెల్సియస్. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన లారీ ట్యాంకు అంతకంటే వేడిగానే ఉంటుంది. కాబట్టి "డీజిల్ అంటుకోదు" అన్న ధీమాతో బీడీ వెలిగించడం, ఖాళీ చేసిన ట్యాంకుకు అలాగే వెల్డింగ్ పెట్టించడం రెండూ ప్రమాదకరమే. ఖాళీ ట్యాంకులో మిగిలేది డీజిల్ ఆవిరి. నిండు ట్యాంకు కంటే అది ఎక్కువ ప్రమాదం. ట్యాంకును వేడి నీటితోనో ఆవిరితోనో పూర్తిగా కడిగించి, ఆ పని తెలిసినవాళ్లతోనే వెల్డింగ్ చేయించాలి.

నాజిల్ పైపుల్లో ఒత్తిడి 200 బార్లకు పైనే ఉంటుంది. అక్కడి లీకును వేలితో తడిమి చూడకండి. సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకడానికి అట్టముక్కను దగ్గరగా కదిలించి దాని మీద తడి పడుతుందేమో చూడండి.

దశలవారీగా

1. లివర్లు చూడండి. ఐదు నిమిషాల పని, కానీ ఎక్కువమంది వదిలేసే పని. క్యాబిన్ పని చేయించినప్పుడు కేబుళ్ల దారి మారుతుంది. ఒకరు యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోగా, పంపు మీది లివరు చివరి స్టాపు స్క్రూను తాకుతోందో లేదో మరొకరు చూడాలి. ఇంజన్‌ను ఆపే స్టాపు లివరు కూడా పూర్తిగా "రన్" వైపు తిరిగి వస్తోందో చూడండి. అది సగంలో ఆగితే పంపు ఎంత మంచిదైనా డీజిల్ తక్కువే ఇస్తుంది.

2. ట్యాంకు మూత. డీజిల్ దొంగతనాల భయంతో బయట కొన్న తాళం మూతలు బిగిస్తారు. వాటిలో కొన్నింటికి గాలి రంధ్రం ఉండదు, ఉన్నా దుమ్ముతో పూడిపోతుంది. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, ఫీడ్ పంపు లాగలేకపోతుంది. బండి గంటో రెండు గంటలో బాగా నడిచి తర్వాత నీరసించి, కాసేపు ఆపితే మళ్లీ బాగుపడుతుంటే మొదటి అనుమానం మూత మీదే పెట్టుకోండి. నీరసించిన క్షణంలో ఆపి మూత తిప్పండి, "స్..." మని గాలి లోపలికి పోతే దొరికినట్టే. రెండు ట్యాంకులుంటే రెండు మూతలూ చూడాలి.

అదే సమయంలో ట్యాంకు నుంచి డీజిల్ లాగే సక్షన్ పైపును కూడా గమనించండి. దొంగతనం ఆపడానికి పెట్టిన జాలీ, పైపు అడుగున ఉండే జాలీ రెండూ జిగురుతో మూసుకుపోతాయి. స్థానికంగా తయారు చేయించిన ట్యాంకుల్లో సక్షన్ పైపు అడుగుకు ఆనుకునేలా పెడతారు. అది అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి, కొన ఏటవాలుగా కోసి ఉండాలి. లేకపోతే అడుగున చేరిన నీళ్లూ మడ్డీ నేరుగా లాగుతుంది.

3. డీజిల్ నమూనా. బండిని రాత్రంతా కదల్చకుండా ఉంచి, పొద్దున్నే ట్యాంకు డ్రెయిన్ ప్లగ్గు నుంచీ వాటర్ సెపరేటర్ నుంచీ సీసాలోకి కొద్దిగా తీయండి. అరగంట నిలకడగా ఉంచితే నీళ్లు అడుగున వేరుపడతాయి. నీటికీ డీజిల్‌కూ మధ్య నల్లని జిగట పొర కనిపిస్తే అది సూక్ష్మజీవుల పెరుగుదల. ఫిల్టర్ మార్చడం ఒక్కటే చాలదు, ట్యాంకు దించి కడిగించాలి. తుప్పు రేకులు, పాత సీలెంటు ముక్కలు కనిపిస్తే కొత్త ట్యాంకును లోపల శుభ్రం చేయకుండానే బిగించారని అర్థం.

4. డబ్బా పరీక్ష. మొత్తం వెతుకులాటలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే, సరిగా చేస్తే. ఫీడ్ పంపుకు వచ్చే సక్షన్ పైపును విప్పి, బదులుగా ఒక కొత్త గొట్టాన్ని శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాలోకి పెట్టండి. మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి తెచ్చే రిటర్న్ పైపును కూడా అదే డబ్బాలోకి తిప్పండి. 8వ దశలో చెప్పినట్టు ఎయిర్ తీసి ఇంజన్ నడపండి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, డబ్బాను బానెట్ ఎత్తులోనో క్యాబిన్ మీదో పెట్టడం. డబ్బా పంపు కంటే పైన ఉంటే డీజిల్ తన బరువుతోనే కిందికి దిగుతుంది; అప్పుడు నీరసించిన ఫీడ్ పంపు కూడా మంచిదిలా కనిపిస్తుంది, గాలి పీల్చే జాయింటు గాలి పీల్చడం మాని డీజిల్ కారుస్తుంది. డబ్బాను లారీ ట్యాంకు ఎత్తులోనే, వీలైతే ట్యాంకు పక్కన నేల మీదే ఉంచండి. రెండోది, రిటర్న్ పైపును ట్యాంకులోనే వదిలేయడం. అలా చేస్తే డబ్బా అనుకున్న దానికంటే చాలా ముందే ఖాళీ అయి మళ్లీ ఎయిర్ పడుతుంది, రిటర్న్‌లో నురగ వస్తోందో లేదో కూడా తెలియదు.

డబ్బాతో ఇంజన్ చక్కగా నడిస్తే లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యలో ఉంది; 5, 6 దశలు చేయండి. డబ్బాతోనూ అదే తీరు అయితే నేరుగా 7వ దశకు వెళ్లండి. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి: నిలబెట్టి రేజ్ చేసినంత మాత్రాన లోడు మీది పరిస్థితి రాదు. గాలి పీల్చడం, పూర్తిగా మూసుకుపోవడం ఈ పరీక్షలో బయటపడతాయి. లోడు మీద మాత్రమే కనిపించే సన్నని అడ్డంకిని గేజీతోనే పట్టాలి. డబ్బాను బండి మీద కట్టుకుని రోడ్డెక్కే సాహసం చేయవద్దు.

5. సక్షన్ వైపు గాలి. కొబ్బరి బోండాంలో వేసిన స్ట్రాకు చిల్లుంటే నీళ్లకు బదులు గాలి వచ్చినట్టే, సక్షన్ పైపుకు ఎక్కడ సందు ఉన్నా ఫీడ్ పంపు గాలినే లాగుతుంది. ఈ సందు నుంచి డీజిల్ బయటికి కారదు కాబట్టి, "ఎక్కడా లీకు లేదండీ" అని మెకానిక్ చెప్పిన మాట నిజమే కావచ్చు, లోపమూ ఉండవచ్చు.

పైపులను ట్యాంకుకే తిరిగి కలిపి, పారదర్శక గొట్టాన్ని ఫీడ్ పంపుకు ముందు బిగించి ఇంజన్ నడపండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే పట్టించుకోనక్కర్లేదు. ఆగకుండా వస్తుంటే గొట్టాన్ని ఒక్కో జాయింటూ దాటిస్తూ ట్యాంకు వైపు జరపండి. బుడగలు కనబడడం మానిన చోటుకూ అంతకు ముందరి చోటుకూ మధ్యలోనే సందు ఉంటుంది. ఎక్కువగా దొరికేవి ఇవి: ఒకసారి నలిగిన రాగి వాషర్లను మళ్లీ వాడిన బాంజో జాయింట్లు, సెపరేటర్ గిన్నె ఓ-రింగు, ఎండిపోయిన గొట్టం కొనలు, ట్యాంకులోని సక్షన్ పైపుకు పడిన సన్నని పగులు. ఈ చివరి దానికి ఒక స్పష్టమైన గుర్తు ఉంది: ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బండి బాగుంటుంది, సగానికి దిగితే ఎయిర్ పడుతుంది. పగులు డీజిల్ మట్టానికి పైన తేలినప్పుడే గాలి దూరుతుంది కనుక ఇలా జరుగుతుంది.

రిటర్న్ పైపు కొన సక్షన్ పైపు పక్కనే ఉన్నా బుడగలు వస్తాయి. రిటర్న్‌తో వచ్చిన నురగనే సక్షన్ మళ్లీ లాగుతుంది. రెండింటినీ దూరంగా పెట్టించండి.

బుడగలు లేకపోయినా పుల్లింగ్ లేకపోతే అడ్డంకిని అనుమానించండి. నాసిరకం రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి, లాగినప్పుడల్లా తలుపులా మూసుకుంటుంది. విప్పి ఊదితే బాగానే గాలి పోతుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. అలాంటి గొట్టాన్ని ఊది చూడడం వృథా, మార్చేయడమే మేలు. పైపు లోపలి వ్యాసం, బాంజో బోల్టు రంధ్రం కంపెనీ ఇచ్చిన వాటికంటే సన్నగా ఉండకూడదు. ఫీడ్ పంపు ముందు వాక్యూమ్ గేజీ పెడితే సంగతి అంకెల్లో తెలుస్తుంది: ఉదాహరణకు కమిన్స్ 6బీటీ 5.9 లీటర్ల ఇంజన్‌కు సక్షన్ వైపు గరిష్ఠంగా 100 మిల్లీమీటర్ల పాదరసం వరకే అనుమతి. మీ ఇంజన్ హద్దును దాని మాన్యువల్‌లో చూసుకోండి.

6. రెండు ట్యాంకుల బండి అయితే. సక్షన్‌కు మాత్రమే మార్పిడి వాల్వు పెట్టి, రిటర్న్‌ను పాత ట్యాంకుకే వదిలేయడం చాలా బండ్లలో కనిపించే తప్పు. రెండో ట్యాంకు నుంచి లాగినప్పుడు రిటర్న్ మొదటి దానిలో పడుతుంది. ఒకటి అనుకున్నదానికంటే ముందే ఎండిపోతుంది, మరొకటి నిండి మూత దగ్గర పొంగుతుంది. మైలేజీ పడిపోయిందని, ఎవరో డీజిల్ తీశారని డ్రైవరును అనుమానించే ముందు ఈ రిటర్న్ పైపు ఎటు పోతోందో చూడండి. సక్షన్‌నూ రిటర్న్‌నూ ఒకేసారి మార్చే వాల్వు పెట్టించడం సరైన పద్ధతి. అది కుదరకపోతే రెండు ట్యాంకులను అడుగున పెద్ద పైపుతో కలిపి, పైన గాలి పైపుతోనూ కలపవచ్చు, కానీ ఆ అడుగు పైపు రాళ్లు తగలని చోట ఉండాలి. వాల్వు పిడి "1", "2" గుర్తుల మధ్య ఆగిపోతే రెండూ సగం మూసుకుంటాయన్నదీ డ్రైవరుకు చెప్పండి. రిజిస్ట్రేషన్‌లోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది కాబట్టి, ట్యాంకు విషయం రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడగండి.

7. ఫీడ్ పంపు. గిన్నె విప్పి జాలీ కడగండి. తర్వాత అవుట్‌లెట్ పైపు విప్పి సీసాలోకి పెట్టి, స్టాపు లివరు లాగి ఉంచి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ తడవకు తడవ బలంగా ఎగదన్నాలి. కారినట్టు వస్తే లోపలి వాల్వులు, స్ప్రింగులు, ప్లంజరు చూడాలి. చాలాసార్లు వాల్వు కింద ఇరుక్కున్న చిన్న చెత్తే కారణం. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టి డీజిల్ నింపే చిన్న పంపు) పిడిని వాడాక పూర్తిగా బిగించకపోయినా, దాని ఓ-రింగు అరిగినా అక్కడి నుంచే గాలి దూరుతుంది. సెల్ఫ్‌ను ఏకబిగిన 15 సెకన్లకు మించి కొట్టకండి. మధ్యలో ఒక నిమిషం విరామం ఇవ్వండి.

ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్కు కూడా తీసి చూడండి. మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు ద్వారానో ఇంజెక్షన్ పంపు ద్వారానో డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆ స్థితిలో బండి నడపకూడదు, బేరింగులు పోతాయి.

8. ఫిల్టర్లు మార్చి ఎయిర్ తీయడం. పాత ఓ-రింగు పైన అతుక్కుని ఉండగానే కొత్తది వేయడం వల్ల గాలి దూరే సందు మీరే తయారు చేసినవారవుతారు. కొత్త రెండో ఫిల్టర్‌ను డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగించకండి. దాని మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత లేకుండా నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీగానే బిగించి ప్రైమర్‌తో నింపండి.

ఎయిర్ ఎప్పుడూ ట్యాంకు వైపు నుంచి వరుసగా తీయాలి: మొదటి ఫిల్టర్ స్క్రూ, రెండో ఫిల్టర్ స్క్రూ, ఆ తర్వాత పంపు గ్యాలరీ (ఇంజెక్షన్ పంపు లోపల డీజిల్ నిండే భాగం) స్క్రూ. ప్రతిచోటా బుడగలు పోయి నిండు ధార వచ్చాక, ప్రైమర్‌ను నొక్కి పట్టుకునే స్క్రూ బిగించండి. చివరగా నాజిల్ పైపుల నట్లను సగం తిప్పు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగించండి. ఎయిర్ తీసిన మర్నాడు మళ్లీ పడితే మళ్లీ తీయడం చికిత్స కాదు, 5వ దశకు తిరిగి వెళ్లండి.

9. పంపు, నాజిళ్లు. ఇక్కడిదాకా అన్నీ బాగుంటేనే పంపు మీద చెయ్యి వేయండి. ముందు గ్యాలరీ దగ్గర ప్రెషర్ గేజీ పెట్టి, మాన్యువల్ చెప్పిన ఒత్తిడి ఉందో చూడండి. రిటర్న్ జాయింటులో ఉండవలసిన ఓవర్‌ఫ్లో వాల్వు పోయి, దాని స్థానంలో మామూలు బాంజో బోల్టు బిగించిన బండ్లు తక్కువేమీ కావు. అప్పుడు డీజిల్ అంతా తేలిగ్గా రిటర్న్‌లోకి జారిపోయి గ్యాలరీలో ఒత్తిడి నిలవదు.

ఇంజన్ ఐడ్లింగులో ఉండగా ఒక్కో నాజిల్ నట్టును గుడ్డ చుట్టి కొద్దిగా వదులు చేస్తే, మంచి సిలిండర్ దగ్గర ఇంజన్ శబ్దం మారి తడబడుతుంది. మార్పు లేకపోతే ఆ నాజిల్‌నో, ఆ ఎలిమెంటునో (పంపులో ఆ సిలిండర్‌కు డీజిల్ కొట్టే భాగం) పరీక్ష చేయించాలి. పంపు షాపుకు పంపితే బెంచి మీద తీసిన కాలిబ్రేషన్ అంకెల కాగితం అడిగి తీసుకోండి.

పంపు డోసు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లాగడం లేదని డోసు పెంచడం ఈ లోపానికి మందు కాదు. సక్షన్‌లో అడ్డంకి ఉండగా స్క్రూ తిప్పితే ఘాట్‌లో పుల్లింగ్ అలాగే ఉంటుంది; ఎప్పుడో అడ్డంకి తీసిన రోజున మాత్రం నల్లపొగ, మితిమీరిన వేడి, పిస్టన్ల నష్టం మొదలవుతాయి. ఇప్పటికే పెంచి ఉంటే, లోపం సరిచేశాక బెంచి మీద కంపెనీ అంకెలకు తెప్పించి సీలు వేయించండి.

సరైందో లేదో తేల్చుకోవడం

వర్క్‌షాపు గేటు దాకా నడిపి "బాగైంది" అనుకోవద్దు. రాత్రంతా ముందుభాగం ఎత్తులో ఉండేలా వాలు మీద నిలిపి, పొద్దున ప్రైమర్ కొట్టకుండా స్టార్టు చేయండి. ఎక్కడైనా సందు మిగిలి ఉంటే డీజిల్ వెనక్కి జారి ఇక్కడే బయటపడుతుంది. తర్వాత ట్యాంకు పావు వంతు ఉన్న స్థితిలో, అనుమతించిన లోడుతో, దగ్గరలో ఉన్న ఘాట్‌నో పొడవైన ఫ్లై ఓవర్‌నో ఎక్కండి. గేజీ పెట్టదలిస్తే విండ్‌స్క్రీన్ బయట కట్టి లోపల నుంచి చూడండి. డీజిల్ నిండిన గొట్టాన్ని క్యాబిన్‌లోకి తేకండి. పరీక్ష అయ్యాక పారదర్శక గొట్టాన్ని తీసేసి అసలు పైపు బిగించాలి. ఎండకూ ఇంజన్ వేడికీ అది గట్టిపడి పగులుతుంది, కొత్త లోపం అక్కడే పుడుతుంది.

మొదటి ట్రిప్పు నుంచి తిరిగి వచ్చాక ఇంజన్ చల్లారనిచ్చి, విప్పిన ప్రతి జాయింటునూ పొడిగుడ్డతో తుడిచి చూడండి, ఆయిల్ మట్టాన్ని మళ్లీ కొలవండి. కొత్త ట్యాంకు నుంచి చెత్త కొంతకాలం వస్తూనే ఉంటుంది కాబట్టి, సెపరేటర్‌లో చేరిన నీళ్లను ప్రతి ఉదయం వదిలి చూడడంతోపాటు మొదటి ఫిల్టర్‌ను ఈ ఒక్కసారికి మామూలు గడువు కంటే ముందే మార్చండి. తీసిన ఫిల్టర్‌ను పారేసే ముందు కోసి, మడతల్లో ఏం చిక్కుకుందో చూడండి. తుప్పు కనబడితే ట్యాంకు, రబ్బరు పొడి కనబడితే గొట్టాలు, జిగురు కనబడితే డీజిల్ పోయించుకునే బంకు మార్చవలసి ఉంటుంది.